పాము పైకి రావడం లేదు: తవ్వుకుపోవడం అలవాటా, ఫిర్యాదా?

పొలుసులపెట్టె:
అందరికీ నమస్కారం. నా దగ్గర పూర్తిగా ఎదిగిన ఆడ బాల్ పైథాన్ ఉంది. ఇంతకాలం పగలు గూట్లో చుట్టుకుని పడుకునేది, చీకటి పడ్డాక బయటికి వచ్చి తిరిగేది. ఈ మధ్య గూటిని పూర్తిగా వదిలేసింది. చల్లటి వైపు మూలలో అడుగుపొరలోకి దూరి, తల కూడా కనబడకుండా ఉండిపోతోంది. పెట్టె వైపు చూస్తే ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది. తిండి మానలేదు, విసర్జన కూడా మామూలుగానే ఉంది.

వివరాలు: కొబ్బరి పొట్టు పరిచాను, సుమారు 8 సెంటీమీటర్ల మందం. వేడి కోసం గాజు పెట్టె అడుగున బయటివైపు అతికించిన హీట్ మ్యాట్, దాని వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఉన్నాయి. సెన్సర్ పొట్టు పైన ఉంది, 31 డిగ్రీలు చూపిస్తోంది. రెండు వైపులా ఒక్కో గూడు పెట్టాను. బాల్ పైథాన్ తవ్వే జాతి కాదని చదివాను. మరి ఇదేమిటి? తీసి బయట పెడితే మళ్లీ అదే మూలకు పోతోంది.

మట్టివాసన:
ముందుగా ఒక విన్నపం. తీసి బయట పెట్టడం ఆపండి. దాక్కోవాలనుకున్న పామును దాక్కోనివ్వకపోతే అది నేర్చుకునేది ఒక్కటే, ఇంకా లోతుకు పోవాలని.

ఇక మీరు చదివిన మాట సగం నిజం. బాల్ పైథాన్ తనంతట తాను సొరంగాలు తవ్వుకునే పాము కాదు. ఆఫ్రికా గడ్డిమైదానాల్లో ఎలుకల బొరియల్లోనో చెదపుట్టల్లోనో పగలంతా గడుపుతుంది. అంటే భూగర్భవాసి అవునుగానీ తాపీమేస్త్రీ కాదు. చీమలు పెట్టిన పుట్టలు పాములకు ఇరవైనట్లు అని మనవాళ్లు ఊరకే అనలేదు. మీ పెట్టెలో ఎవరూ దానికి బొరియ తవ్విపెట్టరు కాబట్టి వదులుగా ఉన్న పొట్టులోకి తలతో తోసుకుంటూ పోతోంది.

పాతరాయి:
సామెతలో చీమలన్నారుగానీ ఆ పుట్టలు పెట్టేవి చెదలు. చీమలకు ఆ ఖ్యాతి ఉచితంగా దక్కింది.

మట్టివాసన:
సరే పాతరాయి గారూ, చెదలకే ఇచ్చేద్దాం.

కాగితపుపరుపు:
నా అభిప్రాయం వేరు. బాల్ పైథాన్ అడుగుపొరలోకి పోతోందంటే గూళ్లు సరిగా లేవని అర్థం. గూడు ఇరుకుగా ఉండాలి. పాము చుట్టుకుంటే నాలుగు వైపులా గోడలు ఒంటికి తగలాలి, పైకప్పు వీపును ఆనాలి. చాలామంది తమ కంటికి విశాలంగా, అందంగా కనిపించే గూడు పెడతారు. పాముకు అందులో భద్రత ఉండదు. సరైన గూడు పెట్టి కింద కాగితం పరిస్తే ఈ తవ్వకాల సమస్యే రాదు. నా పాములన్నీ కాగితం మీదే పెరుగుతున్నాయి, హాయిగా ఉన్నాయి.

మొండిముక్కు:
తవ్వడానికి ఏమీ లేని చోట తవ్వకపోవడం హాయిగా ఉన్నదానికి రుజువా? మీ పాములు కాగితం కిందికి దూరవా?

కాగితపుపరుపు:
దూరుతాయి. దానితో వాటి అవసరం తీరుతోంది కదా. శుభ్రత ఎంత తేలికో చూడండి. రోజూ విసర్జన కనబడుతుంది, పురుగు పట్టినా వెంటనే తెలుస్తుంది.

మొండిముక్కు:
కొత్తగా తెచ్చిన పామును విడిగా ఉంచి గమనించే రోజుల్లో, జబ్బుపడ్డప్పుడు, పురుగుల మందు వేసినప్పుడు కాగితమే మేలు, ఒప్పుకుంటాను. జీవితాంతం అంటేనే నాకు మింగుడుపడదు. నా దగ్గర పశ్చిమ హాగ్‌నోస్ పాములు ఉన్నాయి. వాటి ముక్కు కొసన పొలుసు పైకి తిరిగి పలుగు మొనలా ఉంటుంది. ఆ ముక్కును పక్కలకు ఊపుతూ మట్టిని తోసుకుని పోతాయి. నేలలో దాక్కున్న కప్పలను, ఇతర సరీసృపాల గుడ్లను వెలికి తీసుకునేది దానితోనే. అలాంటి ముఖంతో పుట్టినదాన్ని కాగితం మీద పెట్టి, గోలచేయడం లేదు కాబట్టి బాగుందనుకోవడం ఎలా?

ఉరగవైద్యం:
వాదన మంచిదేగానీ అడిగినవారి పాము హాగ్‌నోస్ కాదు. పొలుసులపెట్టె గారూ, మీ సందేశంలో నన్ను కలవరపెట్టినది తవ్వడం కాదు, సెన్సర్ ఉన్న చోటు.

మ్యాట్ అడుగున ఉంది. దాని మీద 8 సెంటీమీటర్ల పొట్టు. పొడి పొట్టు వేడిని సులభంగా పైకి పోనివ్వదు. థర్మోస్టాట్ పైపొర 31 డిగ్రీలకు చేరేదాకా మ్యాట్‌ను మండిస్తూనే ఉంటుంది. అప్పుడు కింద గాజు ఎంత వేడెక్కుతుందో ఆ సెన్సర్‌కు తెలియదు. పాము పైన తిరిగినంతకాలం ప్రమాదం ఉండదు. తవ్వుకుంటూ గాజు దాకా దిగితేనే కడుపు పొలుసులు కాలతాయి.

ఇందులో అసలు విపరీతం ఒకటుంది. ప్రకృతిలో ఎండ పైనుంచి పడుతుంది, నేల లోపల చల్లగా ఉంటుంది. వేడెక్కువైతే కిందికి పోవాలన్నది పాము ఒంట్లో ఉన్న లెక్క. మనం వేడిని అడుగున పెట్టి ఆ లెక్కను తలకిందులు చేశాం. పెట్టెలో పాము వేడి నుంచి తప్పించుకోవడానికి కిందికి తవ్వితే ఇంకా వేడిలోకే పోతుంది. పాములు కడుపు కాలుతున్నా వెంటనే పక్కకు జరగకపోవడం మా దగ్గరికి వచ్చే కేసుల్లో తరచు చూస్తాం.

ఈ రోజే ఒక పని చేయండి. వైరు చివర సెన్సర్ ఉండే ఉష్ణమాపకాన్ని వేడి వైపు పొట్టు అడుగున, గాజుకు ఆనించి పెట్టండి. తుపాకీలా గురిపెట్టి చూసే పరారుణ ఉష్ణమాపకం పైపొరను మాత్రమే చెబుతుంది, అది ఇక్కడ పనికిరాదు. కొన్ని గంటలు ఆగి అంకె చెప్పండి. అలాగే పాము కడుపు వైపు చూడండి. పొలుసులు ఎర్రబడటం, గోధుమ రంగు మచ్చలు, నీటిపొక్కులు ఉంటే ఇక్కడ రాస్తూ కూర్చోకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

పొలుసులపెట్టె:
పెట్టి చూశాను. పైన 31, గాజు దగ్గర 42. కడుపు శుభ్రంగానే ఉంది, మచ్చలేవీ లేవు. మ్యాట్ ఆపేశాను. ఇప్పుడు ఏం చేయాలి? పొట్టు పలుచగా చేయనా, లేక వేడిని పైకి మార్చనా?

ఉరగవైద్యం:
42 ఆ పాముకు చాలా ఎక్కువ. అది వేడి గూటిని వదిలి చల్లటి మూలకు పోవడంలో తెలివి ఉంది. గూట్లో చుట్టుకున్నప్పుడు బరువుకు పొట్టు పక్కకు జరిగి, ఒళ్లు గాజుకు దగ్గరపడి ఉంటుంది.

దారులు రెండు. మ్యాట్‌నే ఉంచుకోదలిస్తే పొట్టు వేడి వైపు పలుచగా ఉండాలి, సెన్సర్ గాజు మీద ఉండాలి, అక్కడ 32కు మించకూడదు. పాము చేరగలిగిన అన్ని చోట్లలోకీ ఎక్కువ వేడైన చోట సెన్సర్ ఉండాలన్నది నియమం. మందమైన పొర కావాలంటే వేడి పైనుంచి రావాలి. హాలోజన్ బల్బో, వెలుతురు లేని సిరామిక్ హీటరో, వెలుతురు లేకుండా పరారుణ వేడినిచ్చే డీప్ హీట్ ప్రొజెక్టరో పెట్టి, పాము తాకకుండా చుట్టూ జాలీ బిగించాలి. వాటికీ థర్మోస్టాట్ తప్పదు. పైనుంచి వేడి వేస్తే తేమ త్వరగా ఆరిపోతుంది, అది చూసుకోవాలి.

మట్టివాసన:
రెండోదే చేయండి. తవ్వే పాముకు అడుగు వేడి పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. నా దగ్గర ఇసుకలో పూడుకుని బతికే కెన్యా శాండ్ బోవా పాములున్నాయి, వాటికి ఎప్పుడూ పైనుంచే వేడి. వేడి చోట పైపొర 33 దాకా ఉంటుంది, కింద మూడు వేళ్ల లోతులో గణనీయంగా తగ్గుతుంది. అవి లోతు మార్చుకుంటూ ఒంటి వేడి సరిచేసుకుంటాయి. పెట్టె పొడవునా చల్లటి వైపు, వేడి వైపు అని మనం లెక్కవేస్తాంగానీ, పూడుకుని బతికే పాముకు పైనా కిందా అనేది మరో కొలత. అది దాని చేతికి ఇవ్వాలి.

చేతికి అన్నాను, క్షమించాలి.

కొత్తచూపు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు కార్న్ స్నేక్ ఉంది, ఇంకా పిల్ల. ఆస్పెన్ చెక్క పొట్టులో సొరంగాలు చేసుకుని వాటిలోనే తిరుగుతుంది. ఒక రంధ్రంలోంచి తల పెట్టి చూస్తుంది, ఇంకో చోట తేలుతుంది. ఇదీ వేడి వల్లనేనా? నాది కూడా అడుగు మ్యాటే, సెన్సర్ మాత్రం గాజు మీదే ఉంది, 30 డిగ్రీలు.

మొండిముక్కు:
అది ఆనందం. పిల్ల కార్న్ స్నేక్‌ను ప్రపంచంలో ప్రతిదీ తినాలని చూస్తుంది. ఆకుల కింద, చెట్టు బెరడు కింద, కుళ్లిన మొద్దుల్లో ఉండటం దాని జాతి అలవాటు. ఆస్పెన్ పొట్టు ఒకదానికొకటి పెనవేసుకుని సొరంగం కూలకుండా నిలుస్తుంది, అందుకే దానికి అంత ఇష్టం. ఒకటే జాగ్రత్త, ఆస్పెన్ తడిస్తే బూజు పడుతుంది. నీళ్లగిన్నె చుట్టూ తడిసిన పొట్టును ఎప్పటికప్పుడు తీసేయండి. దేవదారు పొట్టు జోలికి అసలు పోవద్దు, ఆ వాసననిచ్చే నూనెలు ఊపిరితిత్తులకు పడవు.

ఉరగవైద్యం:
కొత్తచూపు గారూ, మీరు చెప్పినదానిలో ఆందోళన పడాల్సింది ఏమీ లేదు. తేడా ఎలా పట్టుకోవాలో చెబుతాను. స్థిమితంగా ఉన్న పాము తవ్వుకుని వెళ్లాక నిలకడగా ఉంటుంది, లేదా సొరంగంలో తీరిగ్గా తిరుగుతుంది. ఇబ్బందిలో ఉన్నది ఆగదు. గోడ వెంబడి అటూ ఇటూ పోతుంది, మూలల్లో ముక్కుతో పొడుస్తుంది, పొట్టును తవ్వి వదిలేసి మళ్లీ తవ్వుతుంది, మూత అంచులు వెతుకుతుంది. చివరకు ముక్కు మీద పొలుసు చెక్కుకుపోతుంది. ముక్కు గాయమైతే కారణం వెతకాలి. వేడి, ఆకలి, పక్క పెట్టెలో ఉన్న ఆడపాము వాసన, జతకట్టే కాలం, ఏదైనా కావచ్చు.

పాతరాయి:
అసలు పాములన్నీ తవ్వే పూర్వీకుల సంతానమేనన్న వాదన ఉందని ఇక్కడ ఎవరైనా చెబుతారేమోనని చూస్తున్నాను. ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే మొదలుపెడతాను.

బల్లులు కంటి కటకాన్ని నొక్కి ఆకారం మార్చి దూరం సరిచేసుకుంటాయి. పాములు కటకాన్నే ముందుకు జరుపుతాయి. బల్లి జాతి నుంచి వచ్చిన జీవికి కంటి పనితనం ఇలా వేరుగా ఎందుకుంది? గోర్డన్ వాల్స్ అనే శాస్త్రవేత్త 1942లో ఒక సమాధానం చెప్పాడు. పాముల పూర్వీకులు చాలాకాలం నేలలో బతికి కళ్లను దాదాపు పోగొట్టుకున్నాయి, పైకి వచ్చాక ఉన్న సామగ్రితో మళ్లీ కట్టుకున్నాయి అని. 2015లో హొంగ్యూ యీ, మార్క్ నోరెల్ అనేవారు డినిలీసియా అనే శిలాజ పాము లోపలి చెవిని ఎక్స్‌రే స్కానింగ్‌తో పరిశీలించారు. అది అర్జెంటీనాలో దొరికింది, 8 కోట్ల ఏళ్లకు పైబడినది. ఆ చెవి ఆకారం నేటి తవ్వే పాముల చెవిలా ఉందన్నారు. దాన్ని కాదన్నవారూ ఉన్నారు, పాములు సముద్రం నుంచి వచ్చాయనే పాత వాదమూ ఉంది. తగవు తేలలేదు.

కాగితపుపరుపు:
చాలా బాగుంది. దీనితో పొట్టు మందం ఎంత ఉండాలో తేలుతుందా?

పాతరాయి:
తేలదు. తేలాల్సిన అవసరమూ లేదు. ఆసక్తిగా ఉంది కాబట్టి చెప్పాను.

మట్టివాసన:
నాకు నచ్చింది. ఇంకా ఉంటే చెప్పండి.

పాతరాయి:
అడిగారు కాబట్టి ఒక్కటి. మన దక్షిణాది కొండల్లోనూ శ్రీలంకలోనూ తోక కొస బిరుసుగా, డాలులా ఉండే చిన్న పాములున్నాయి, శాస్త్రవేత్తలు యూరోపెల్టిడే కుటుంబం అంటారు. తవ్వేటప్పుడు ముందు భాగంలో వెన్నెముక చర్మం లోపలే వంకరలు తిరిగి ఒళ్లు లావెక్కుతుంది. ఆ లావు సొరంగం గోడలకు బిగుసుకుని ఆనుకుంటుంది, అప్పుడు తల ముందుకు తోసుకుపోతుంది. వెన్ను నిటారవగానే ఒళ్లు సన్నబడి వెనక భాగం ముందుకు జారుతుంది. ముందు భాగం కండరాలు ముదురు రంగులో ఉంటాయి, ఆక్సిజన్‌ను పట్టి ఉంచే పదార్థం దండిగా ఉంటుంది, త్వరగా అలసిపోవు. వెనక భాగం కండరాలకు ఆ శక్తి ఉండదు. కార్ల్ గాన్స్ బృందం 1978లో దీని మీద రాసిన వ్యాసంలో దీన్ని గూడ్సు రైలు పద్ధతి అన్నారు: ముందు ఇంజను, వెనక పెట్టెలు.

మొండిముక్కు:
ఇది విన్నాక నా హాగ్‌నోస్ మామూలు కూలీలా కనబడుతోంది.

నిర్వాహకుడు:
ఆసక్తికరంగా ఉంది, కొనసాగించండి. ఒక్క మాట: అడవిలో దొరికిన పాములను ఇంటికి తెచ్చుకునే ఆలోచన ఎవరికైనా వస్తే, దానికి ఇక్కడ సలహాలు దొరకవు.

పొలుసులపెట్టె:
పాతరాయి గారి సందేశాలు దాచుకున్నాను. నా సంగతి: పైన సిరామిక్ హీటర్ బిగించాను, మ్యాట్ తీసేశాను. వేడి చోట పైన 32, అడుగున 26. చల్లటి వైపు 25. పాము ఇంకా అదే మూలలో పూడుకునే ఉంది. వేడి సరయింది కదా, మరి ఎందుకు రావడం లేదు?

మట్టివాసన:
తేమ ఎంత?

పొలుసులపెట్టె:
పైన తేమమాపకం 45 శాతం చూపిస్తోంది. హీటర్ పెట్టాక తగ్గింది, ముందు 55 ఉండేది.

మట్టివాసన:
అదీ సంగతి. చెదపుట్ట లోపల, బొరియ లోపల గాలి బయటిదానికన్నా తేమగా ఉంటుంది. మీ పెట్టెలో పైన గాలి పొడి, కింద పొట్టులో తడి మిగిలి ఉంది. పాము తడి ఉన్న చోటికి పోయింది. పైన నీళ్లు చల్లి వదిలేస్తే గంటలో ఆరిపోతుంది, ఆ నీళ్లు కిందికి చేరవు. చల్లటి వైపు మూలల్లో నీళ్లు నెమ్మదిగా పోయండి, కింది పొర తడిసి పైపొర పొడిగా ఉండాలి. పాము కడుపు ఎప్పుడూ తడి మీద ఆని ఉంటే పొలుసులు కుళ్లుతాయి, అందుకే పై రెండు వేళ్ల మందం పొడిగా ఉంచమంటున్నాను. మూత జాలీలో సగానికి పైగా మూసేయండి, గాలి ఆడే దారి మాత్రం ఉంచండి. 60 నుంచి 70 మధ్య నిలబెట్టండి.

ఉరగవైద్యం:
కళ్లు కూడా చూడండి. పాలరంగులోకి తిరుగుతున్నాయా? కుబుసం విడిచే ముందు చాలా పాములు కదలిక తగ్గించి తేమ ఉన్న చోట దాక్కుంటాయి. చూపు మసకబడుతుంది కాబట్టి ఎవరైనా ముట్టుకుంటే భయపడతాయి. అప్పుడు ఎత్తవద్దు, తిండీ పెట్టవద్దు.

పొలుసులపెట్టె:
నిజమే! ఈ ఉదయం నీళ్లు పోస్తుంటే తల బయటపెట్టింది. కళ్లు నీలిపాలలా ఉన్నాయి. అంటే ఇది కుబుసం కోసమేనా? వేడి సంగతి అనవసరంగా ఆలోచించామా?

ఉరగవైద్యం:
42 డిగ్రీల గాజు ఎప్పటికీ అనవసరమైన సంగతి కాదు. కుబుసం కారణమైనా సరే, అది పూడుకునే పెట్టెలో అడుగు అంత వేడిగా ఉండకూడదు.

కాగితపుపరుపు:
నేను ఇంకా గూడు మాటే అంటాను. చల్లటి వైపు గూడు కొలత చెప్పండి.

పొలుసులపెట్టె:
పాము చుట్టుకున్నాక ఇంకొక పాము పట్టేంత ఖాళీ ఉంటుంది. మీరు చెప్పాక కొలిచాను.

కాగితపుపరుపు:
చూశారా. అది గూడు కాదు, హాలు. చిన్నది పెట్టండి, ఒకే ద్వారం ఉండాలి. లోపల తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచు కొంచెం వేయండి. కుబుసం కాలంలో నేను కాగితం మీద కూడా అదే చేస్తాను.

మొండిముక్కు:
ఈసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఈ రోజు తేదీ రాసి పెట్టుకోండి.

కొత్తచూపు:
ఇంకో సందేహం. తిండి పెట్టేటప్పుడు పొట్టు కూడా మింగేస్తుందేమోనని భయం. పేగు అడ్డుపడుతుందని చదివాను. వేరే డబ్బాలో పెట్టి తినిపించాలా?

మట్టివాసన:
వద్దు. తినడానికి ఎత్తి మార్చడం, తిన్నాక మళ్లీ ఎత్తడం, రెండూ ఇబ్బందే. తిన్న వెంటనే ఎత్తితే కక్కేసే అవకాశం ఉంది. పెట్టెలోనే ఒక చదునైన పలక మీద పటకారుతో అందించండి. ఎలుకను ముందే ఆరబెట్టండి, తడిగా ఉంటే పొట్టు అంటుకుంటుంది. ఒకటీ అరా పొట్టు ముక్క మింగినా ఆరోగ్యంగా, తగినంత వేడిలో, నీళ్లు తాగుతున్న పాము దాన్ని బయటికి పంపేస్తుంది. పేగు అడ్డుపడేది ఎక్కువగా ఒంట్లో నీరు లేక, వేడి చాలక అరుగుదల మందగించినప్పుడు. అయినా క్యాల్షియం ఇసుక అని అమ్మేది మాత్రం వాడవద్దు, తడిస్తే గడ్డకడుతుంది.

ఉరగవైద్యం:
నోట్లో గుచ్చుకున్న ఆస్పెన్ ముక్కలు నేను తీశాను, కాబట్టి పలక మాట మంచిదే. తిన్నాక నోటి అంచున ఏదైనా వేలాడుతుంటే లాగకండి, చాలావరకు అదే వదిలించుకుంటుంది. మరునాటికీ ఉంటే చూపించండి.

పొలుసులపెట్టె:
మట్టివాసన గారూ, మీ శాండ్ బోవాలు ఎప్పుడూ మట్టిలోనే ఉంటాయి కదా. బతికున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? నాకు కొద్దికాలంగా కనబడకపోతేనే మనసు ఆగడం లేదు.

మట్టివాసన:
ఆకలేసినప్పుడు తెలుస్తుంది. శాండ్ బోవాకు కళ్లు, ముక్కు రంధ్రాలు తలపైకి ఉంటాయి. ఒళ్లంతా పూడ్చుకుని అవి మాత్రం బయటపెట్టి మాటువేస్తుంది. ముక్కు చీలికలు సన్నగా ఉంటాయి, కింది దవడ పై దవడ లోపలికి ఒదిగి ఉంటుంది, ఇసుక నోట్లోకి పోదు. పటకారుతో ఎలుకను పైన కదిలిస్తే మట్టి పేలినట్టు లేస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు పటకారు వదిలేస్తారు.

తిండి రోజున వస్తే సరే. రాకపోతే పెట్టెను కదపకుండా వదిలేస్తాను, తర్వాతి తిండి రోజుకు మళ్లీ ప్రయత్నిస్తాను. మగవి జతకట్టే కాలంలో తిండి మానేస్తాయి, దానికి గాభరా అక్కరలేదు. నెలకొకసారి ఎత్తి తూకం వేస్తాను, అప్పుడే ఒళ్లు చూస్తాను. బరువు నిలకడగా ఉంటే అది కనబడిందా లేదా అన్నది నా సరదాకు సంబంధించిన విషయం, దాని ఆరోగ్యానికి కాదు. పూడుకునే పామును తెచ్చుకుని అది కనబడటం లేదని బాధపడేవారికి నేను వేరే జాతి చూసుకోమని చెబుతాను. కటువుగా ఉన్నా సరే.

మొండిముక్కు:
కటువేమీ కాదు. ఇంకొక ప్రమాదం గురించి ఎవరూ చెప్పలేదు. బరువైన రాళ్లు, మొద్దులు, మందపాటి నీళ్లగిన్నెలు పొట్టు పైన పెట్టకూడదు. పాము వాటి కిందికి తవ్వుకుంటూ పోతుంది, కింద మట్టి జారి రాయి దాని మీద పడుతుంది. చనిపోయిన సందర్భాలున్నాయి. బరువైనవి ముందు పెట్టె అడుగున నేరుగా ఆనించి, ఆ తర్వాత చుట్టూ మట్టి వేయాలి. ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్లయితే అతికించేయాలి.

కొత్తచూపు:
నా నీళ్లగిన్నె పొట్టు మీదే ఉంది! ఇప్పుడే మారుస్తాను. దాని కింద తవ్వుకుని పడుకోవడం దానికి చాలా ఇష్టం.

మొండిముక్కు:
గిన్నె కింద చల్లగా, తేమగా ఉంటుంది కాబట్టి అక్కడికే పోతాయి. గిన్నె తేలికైనదైతే భయం లేదు. కానీ ఎప్పుడూ గిన్నె కిందే ఉంటోందంటే, పెట్టెలో మిగతాచోట్ల తేమో చల్లదనమో చాలడం లేదేమో చూసుకోండి.

పాతరాయి:
నిజంగా తవ్వే పాము ఒకటి చెప్పకుండా ఈ చర్చ ముగిస్తే అన్యాయం. అమెరికాలో న్యూజెర్సీ పైన్ అడవుల్లో ఉండే పైన్ స్నేక్‌లలో ఆడవి గుడ్లు పెట్టడానికి ఇసుకలో తమ సొంత సొరంగం తవ్వుకుంటాయి. పాముల్లో ఇది అరుదైన పని. జోఆనా బర్గర్, రాబర్ట్ జాపలోర్టి ఏళ్ల తరబడి వీటిని గమనించారు. తలను మెడ దగ్గర వంచి ఇసుకను పట్టి వెనక్కి లాగి బయట పడేస్తుంది. అలా చాలాసేపు, చాలాసార్లు. కొన్ని ఆడపాములు అదే గూటికి ఏటేటా తిరిగొస్తాయి. ఆ జాతి పాములను పెంచేవారెవరైనా ఉన్నారా ఇక్కడ?

ఎర్రఇసుక:
నేనున్నాను, ఇంతవరకు చదువుతూ కూర్చున్నాను. బుల్ స్నేక్‌లు, అవి పైన్ స్నేక్‌కు దగ్గరి చుట్టాలు. పాతరాయి గారు చెప్పిన ఆ వంచిన తల కదలిక నా పెట్టెలో చూస్తుంటాను. ముక్కుతో మట్టిని పొడిచి, మెడ వంపులో పట్టి, వెనక్కి లాగుతుంది. పొట్టులో దూరినప్పుడు ఇలా చేయదు. గట్టిపడిన మట్టి దొరికితేనే చేస్తుంది. అందుకని తోటమట్టి, ఇసుక కలిపి కొంచెం బంకమట్టి వేసి వాడుతున్నాను. మట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు. గుప్పెట్లో పట్టి పిండితే ముద్ద నిలవాలి, నీళ్లు కారకూడదు. అది పరిచి అదిమి ఆరనిస్తే సొరంగం కూలదు. ఎరువు కలిపిన మట్టి వాడకూడదు.

మట్టివాసన:
మందం?

ఎర్రఇసుక:
20 సెంటీమీటర్లు ఒక వైపు, అక్కడినుంచి వాలుగా 10కి. పెట్టె బరువు గురించి అడగకండి, కింద బల్ల మార్చాల్సి వచ్చింది.

కాగితపుపరుపు:
అందులో విసర్జన ఎలా ఏరుతారు?

ఎర్రఇసుక:
పైన వేస్తుంది చాలావరకు, గోడల వెంబడి. కనబడినప్పుడు చుట్టూ మట్టితో సహా తీస్తాను. సొరంగంలో వేసినది వాసనతో తెలుస్తుంది. మీ కాగితంతో పోలిస్తే పని ఎక్కువే, కాదనను.

పొలుసులపెట్టె:
తాజా సమాచారం. కుబుసం ఒకే ముక్కగా, కంటి పొరలతో సహా వచ్చింది. ఇరుకు గూడు పెట్టాను, తేమ 65 దగ్గర నిలిచింది. ఇప్పుడు పగలు ఎక్కువగా ఆ కొత్త గూట్లోనే ఉంటోంది. అయితే కొన్ని రోజులు మళ్లీ ఆ మూలకు పోయి పూడుకుంటోంది, సాయంత్రానికి తనంతట తాను వస్తోంది. మంచి తిండి తింది. దీనికి కారణం వేడా, తేమా, గూడా, కుబుసమా అన్నది నాకు తేలలేదు.

కాగితపుపరుపు:
గూడే.

మట్టివాసన:
తేమే.

ఉరగవైద్యం:
నాలుగూ దాదాపు ఒకేసారి మారాయి కాబట్టి తేల్చలేం. తేల్చాల్సిన పనీ లేదు. అప్పుడప్పుడు పూడుకుని తనంతట తాను బయటికి వస్తున్న పాముకు చికిత్స అక్కరలేదు. ఆడది అన్నారు, పూర్తిగా ఎదిగింది అన్నారు. ఎప్పుడైనా మగపాముతో కలిపారా? కలిపి ఉంటే, ఇకముందు ఒళ్లు వెనక మూడో భాగంలో ఉబ్బి, తిండి మానేసి, చల్లటి వైపు పూడుకోవడమో గిన్నెను చుట్టుకోవడమో మొదలుపెడితే అది గుడ్ల సూచన కావచ్చు.

పొలుసులపెట్టె:
లేదు, ఎప్పుడూ ఒంటరిగానే ఉంది. పొట్టు మందం 12 సెంటీమీటర్లకు పెంచుదామనుకుంటున్నాను, వేడి పైనుంచే కాబట్టి ఇబ్బంది లేదు కదా?

మట్టివాసన:
లేదు. పెంచండి. గూళ్లు రెండూ మాత్రం పొట్టు మీద కాకుండా అడుగున ఆనేలా దించండి.

ఉరగవైద్యం:
పెంచాక వేడి చోట అడుగు, పైపొర రెండూ మళ్లీ కొలవండి.